తిరగబెట్టిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: పెద్ద ఆపరేషన్ ఎవరిని బతికిస్తుంది?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు వైద్యం పూర్తయింది. మన దగ్గర చాలామంది అనేట్టు కరెంటు పెట్టడం, అంటే బయటినుంచి ఇచ్చే రేడియేషన్, వారానికోసారి ఎక్కించే కీమో, చివర్లో లోపలికి గొట్టాలు పెట్టి ఇచ్చే రేడియేషన్, అన్నీ అయ్యాయి. ఏడాదో, ఏడాదిన్నరో బాగానే గడిచింది. ఆ తర్వాత మళ్ళీ బట్ట మీద రక్తపు మరక, లేదంటే దుర్వాసనతో నీళ్ళలా పోవడం. బయాప్సీ చేస్తే జబ్బు అదే చోట తిరగబెట్టిందని తేలింది. ఇక్కడినుంచి దారులు బాగా తగ్గిపోతాయి.

ఎందుకంటే మొదటి విడతలోనే ఆ చోటికి బయటినుంచీ లోపలినుంచీ కలిపి 80 నుంచి 90 గ్రేల (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) దాకా రేడియేషన్ ఇచ్చేసి ఉంటారు. ముందు ఆనుకుని ఉన్న మూత్రాశయం, వెనక ఉన్న పురీషనాళం ఆ మోతాదును ఒకసారి తట్టుకుంటాయి. మళ్ళీ అంతే ఇస్తే కణజాలం చచ్చి చిల్లులు పడతాయి, మూత్రమో మలమో యోనిలోంచి కారడం మొదలవుతుంది. కీమో గడ్డను కొంతకాలం అణచి ఉంచుతుంది గానీ పూర్తిగా మాయం చేయడం అరుదు. మొదట ఆపరేషన్ మాత్రమే జరిగి రేడియేషన్ తీసుకోనివాళ్ళకైతే ఇంకా రేడియేషన్ అనే దారి ఉంటుంది. అది వాడేసుకున్నవాళ్ళకు నయం చేసే ఉద్దేశంతో మిగిలేది దాదాపు ఒక్కటే. దాని పేరు పెల్విక్ ఎగ్జెంటరేషన్.

కటి ఎముకల గిన్నెలో ఉన్న అవయవాలను విడివిడిగా కాకుండా, గడ్డ చుట్టూ ఉన్న మంచి కణజాలంతో సహా ఒకే ముద్దగా తీసేయడమే ఈ ఆపరేషన్. గర్భాశయం, అండాశయాలు, యోనిలో కొంత భాగమో మొత్తమో, ముందు మూత్రాశయం, వెనక పురీషనాళం. గడ్డ ముందువైపే పాకితే పురీషనాళాన్ని ఉంచుతారు. వెనకవైపే పాకితే మూత్రాశయాన్ని ఉంచుతారు. రెండువైపులా అనుమానం ఉంటే అన్నీ పోతాయి. తర్వాత, తీసేసినదాన్ని బట్టి, మూత్రానికీ మలానికీ పొట్ట మీద కొత్త దారులు చేసి, వాటికి సంచీలు తగిలించాలి. ఎనిమిది, పది గంటలు పట్టడం మామూలే.

ఇంత చేస్తే మనిషి ఎన్నాళ్ళు బతుకుతుంది అన్నది ఇంటివాళ్ళ మొదటి ప్రశ్న. వైద్య సాహిత్యంలో సాధారణంగా కనిపించే జవాబు ఇది: ఆపరేషన్ అయ్యాక ఐదేళ్ళు దాటేవాళ్ళు 30 నుంచి 60 శాతం. ఆ అంకె అబద్ధం కాదు. కానీ అది ఆపరేషన్ గురించి చెప్పేదానికంటే, ఆపరేషన్ బల్ల దాకా ఎవరిని రానిచ్చారు అన్నదాని గురించే ఎక్కువ చెబుతుంది. ఈ తేడా తెలియకుండా ఆ అంకె విన్న కుటుంబం లేనిపోని ఆశైనా పెట్టుకుంటుంది, లేదా ఉన్న అవకాశాన్నైనా వదులుకుంటుంది.

కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి. న్యూయార్క్ మెమోరియల్ హాస్పిటల్ సర్జన్ అలెగ్జాండర్ బ్రన్ష్‌విగ్ 1948లో ఈ ఆపరేషన్ గురించి ప్రచురించినప్పుడు 22 మంది రోగుల వివరాలు ఇచ్చారు. వాళ్ళలో ఐదుగురు ఆపరేషన్ దెబ్బకే చనిపోయారు. దాదాపు నలుగురిలో ఒకరన్నమాట. అప్పటికి ఆయన కూడా దీన్ని నయం చేసే వైద్యంగా చెప్పలేదు, ఏ దారీ లేనివాళ్ళకు బాధ తగ్గించే ప్రయత్నంగానే చెప్పారు. అప్పట్లో కిడ్నీలనుంచి మూత్రం తెచ్చే మూత్రనాళాలను పెద్దపేగుకే కుట్టేవారు. మూత్రం, మలం రెండూ పొట్ట మీది ఒకే రంధ్రంలోంచి కలిసి వచ్చేవి. మలంలోని క్రిములు మూత్రనాళాల గుండా పైకి పాకి కిడ్నీలు చెడిపోయేవి, పేగు మూత్రాన్ని తిరిగి పీల్చుకుని రక్తంలో లవణాల పాళ్ళు తలకిందులయ్యేవి. క్యాన్సర్‌నుంచి బయటపడ్డ మనిషి కిడ్నీల వల్ల పోయేది.

దీనికి సెయింట్ లూయిస్‌లో యూజీన్ బ్రికర్ 1950లో ఒక ఉపాయం చెప్పారు. చిన్నపేగు చివర్నుంచి జానెడు ముక్కను దాని రక్తనాళాలతో సహా వేరు చేసి, ఒక చివర మూత్రనాళాలను కుట్టి, రెండో చివరను పొట్ట మీదికి తెచ్చారు. మలం దారి వేరు, మూత్రం దారి వేరు. డెబ్బై అయిదేళ్ళు దాటినా ప్రపంచమంతా ఇంకా ఎక్కువగా చేస్తున్నది ఆ పద్ధతే. ఈ ఆపరేషన్‌లో మనుషులను నిలబెట్టిన మార్పు ఏదని అడిగితే, కోసే పద్ధతికంటే ముందు ఈ పేగు ముక్క పేరే చెప్పాలి. ఆ తర్వాత రక్తనిధులు, మెరుగైన యాంటీబయాటిక్స్, ఐసీయూలు వచ్చాయి. తరచుగా ఈ ఆపరేషన్ చేసే పెద్ద సెంటర్లలో ఆపరేషన్ వల్ల జరిగే మరణాలు ఇప్పుడు 5 శాతం లోపే. అయితే చావు తగ్గినంతగా చిక్కులు తగ్గలేదు. చీము పట్టడం, కుట్టిన చోట పేగు కారడం, కుట్లు విడిపోవడం, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, మూత్రనాళం మూసుకుపోవడం, వీటిలో ఏదో ఒకటి సగం మందికి పైగానే వస్తుంది. రేడియేషన్ పడిన కణజాలం మానడానికి మొరాయిస్తుంది, చాలా చిక్కులకు అదే కారణం. అందుకే కొందరు సర్జన్లు చిన్నపేగు బదులు, రేడియేషన్ తగలని పైభాగపు పెద్దపేగు ముక్కను మూత్రం దారికి వాడతారు.

ఇప్పుడు ఆ 30 నుంచి 60 శాతం దగ్గరికి వద్దాం.

జబ్బు తిరగబెట్టిన ఆడవాళ్ళందరూ ఈ లెక్కలో లేరు. ఊపిరితిత్తులకో, కాలేయానికో, పొట్ట పైభాగంలోని లింఫు గ్రంథులకో జబ్బు పాకినవాళ్ళను, ఒంట్లో జబ్బు ఎక్కడెక్కడ ఉందో చూపే పెట్ సీటీ స్కాన్ దగ్గరే ఆపేస్తారు. గడ్డ మధ్యలో ఉండకుండా కటి పక్కగోడకు అంటుకున్నవాళ్ళు ఎంఆర్ఐ దగ్గర ఆగిపోతారు. ఒక కాలు వాచడం, పిరుదునుంచి కాలి కిందికి లాగే నొప్పి, ఆ వైపు కిడ్నీ ఉబ్బడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే జబ్బు పక్కగోడలోని నరాలనూ రక్తనాళాలనూ మూత్రనాళాన్నీ పట్టేసిందని అర్థం. అక్కడ గడ్డను మొత్తంగా తీయడం చాలావరకు కుదరదు. గుండె, కిడ్నీలు, ఒంట్లో సత్తువ ఇంత పెద్ద ఆపరేషన్‌ను తట్టుకోలేవని తేలినవాళ్ళు మత్తు డాక్టర్ దగ్గర ఆగుతారు. వయసు ఒక్కటే అడ్డు కాదు. రోజంతా మంచంలోనే ఉండే నలభై ఏళ్ళ మనిషికంటే తన పనులు తాను చేసుకునే అరవై అయిదేళ్ళ మనిషే ఎక్కువ తట్టుకుంటుంది.

ఇవన్నీ దాటి ఆపరేషన్ థియేటర్‌కు వచ్చినా అంతటితో తేలిపోదు. పొట్ట తెరవగానే కోయడం మొదలుపెట్టరు. ముందు కాలేయం, పేగులు, లోపలి పొర అంతా చేత్తో తడిమి చూస్తారు. అనుమానం ఉన్న లింఫు గ్రంథులనూ, పక్కగోడ దగ్గరి కణజాలాన్నీ చిన్న ముక్కలుగా తీసి ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ ఆ ముక్కను గడ్డకట్టించి, పలుచగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతారు. దీన్ని ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. అప్పటిదాకా థియేటర్‌లో అందరూ ఫోన్ కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ముక్కలో జబ్బు లేదంటే ముందుకు వెళతారు. ఉందంటే చాలాసార్లు ఇంకేమీ తీయకుండా పొట్ట మూసేస్తారు. పెట్ సీటీ లేని రోజుల్లో పొట్ట తెరిచినవాళ్ళలో సుమారు మూడోవంతు మందిని ఇలా వెనక్కి పంపాల్సి వచ్చేది. ఇప్పుడు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. కళ్ళు తెరిచాక ఆ మనిషి పొట్ట తడుముకుని, సంచీలు లేవని తెలుసుకుని సంతోషిస్తుంది. ఆ సంచీలు లేకపోవడానికి అర్థం ఏమిటో ఆమెకు ఎవరో చెప్పాలి. అందుకే ఈ మాట ముందే చెప్పి ఉంచడం సర్జన్ బాధ్యత.

బతికిన శాతం లెక్కకట్టేటప్పుడు ఇలా వెనక్కి వచ్చినవాళ్ళెవరూ హారంలో ఉండరు. మధ్యలోనే ఉన్న గడ్డ, దూరం పాకని జబ్బు, తట్టుకోగల ఒళ్ళు, ఈ మూడూ కుదిరినవాళ్ళే ఉంటారు. వేరే వైద్యం ఇచ్చినా వీళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువకాలం బతికే అవకాశం ఉన్నవాళ్ళే. దీన్ని తేల్చడానికి చీటీలు వేసినట్టు సగం మందికి ఆపరేషన్, సగం మందికి మందులు ఇచ్చి పోల్చిన అధ్యయనం లేదు, అలా చేయడం న్యాయమూ కాదు. ఉన్నదంతా ఒక్కో ఆసుపత్రి ఏళ్ళ తరబడి పోగుచేసిన రికార్డే. అయినా ఒక్క విషయం మాత్రం కొట్టిపారేయలేం. రేడియేషన్ తర్వాత తిరగబెట్టిన జబ్బు ఉన్నవాళ్ళు ఆ కాలపు కీమోతో ఐదేళ్ళు దాటడం బహు అరుదు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో మూడోవంతో, సగమో దాటారు. ఇంత తేడా ఎంపిక వల్ల మాత్రమే రాదు.

ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో కూడా అందరి భవిష్యత్తూ ఒకటి కాదు. అన్నిటికంటే ఎక్కువగా తేల్చేది అంచు. తీసిన ముద్ద చుట్టూ రంగు పూసి, అంచుల్లో క్యాన్సర్ కణాలు ఉన్నాయా లేవా అని పాథాలజిస్ట్ చూస్తారు. అంచు శుభ్రంగా ఉంటే ఐదేళ్ళు దాటేవాళ్ళు సగానికి దగ్గర్లోనో, పైనో ఉంటారు. అంచులో జబ్బు మిగిలి ఉంటే చాలామంది ఒకటి రెండేళ్ళు కూడా గడపలేరు. అంటే అవయవాలు పోయాయి, సంచీలు వచ్చాయి, నెలల తరబడి ఆసుపత్రి పాలయ్యారు, కాలం మాత్రం కలిసిరాలేదు. ఈ ఆపరేషన్‌లో జరగగల అన్యాయాల్లో ఇంతకు మించింది లేదు. స్కాన్‌లో పక్కగోడ దగ్గర సందేహం ఉన్నప్పుడు “చూద్దాం, తీసినంత తీద్దాం” అనే ధోరణి ఎందుకు తప్పో ఇక్కడే తెలుస్తుంది. సగం తీసిన గడ్డ వల్ల సగం లాభం రాదు.

అంచు తర్వాత లింఫు గ్రంథులు. వాటిలో జబ్బు ఉంటే అవకాశం బాగా పడిపోతుంది. రేడియేషన్ అయిన ఆరు నెలల్లోపే తిరగబెడితే జబ్బు మొండిదని అర్థం. ఏడాది, రెండేళ్ళు ఆగి వస్తే కొంత నయం. గడ్డ ఐదు సెంటీమీటర్లు దాటితే అంచు శుభ్రంగా రావడమే కష్టం.

పక్కగోడ అంటే ఇక ఆశ లేనట్టేనా అన్న ప్రశ్నను జర్మనీలో మైఖేల్ హోకెల్ గట్టిగా పట్టుకున్నారు. లైప్‌జిగ్‌లో ఆయన బృందం పక్కగోడ కండరాలను, లోపలి రక్తనాళాలను కూడా కలిపి తీసే పద్ధతిని పెంపొందించి, జాగ్రత్తగా ఎంచుకున్న రోగుల్లో మంచి ఫలితాలు చూపింది. అయితే అది కొద్దిమంది సర్జన్ల చేతుల్లో, ఏళ్ళ అనుభవం మీద వచ్చిన ఫలితం. ఏడాదికి ఒకటో రెండో ఎగ్జెంటరేషన్లు జరిగే చోట దాన్ని చూపించి ధైర్యం చెప్పడం సరికాదు. మామూలు ఎగ్జెంటరేషన్‌కే క్యాన్సర్ సర్జన్, మూత్రకోశ సర్జన్, పేగుల సర్జన్, ప్లాస్టిక్ సర్జన్, మంచి ఐసీయూ, పొట్ట మీది దారులనూ సంచీలనూ చూసుకునే స్టోమా నర్సు కావాలి.

ఈలోగా మందులూ మారాయి. 2014లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్ అనే మందును కీమోకు చేరిస్తే మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం మంది దాటిన కాలం, 13.3 నెలలనుంచి 17 నెలలకు పెరిగింది. 2021లో పెంబ్రొలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే జబ్బు మీదికి మళ్ళించే) మందు చేర్చినప్పుడు అది రెండేళ్ళ దాకా వెళ్ళింది, కొందరిలో జబ్బు ఏళ్ళ తరబడి అదుపులో ఉంటోంది. ఈ అధ్యయనాల్లోకి ఆపరేషన్‌తోనో రేడియేషన్‌తోనో నయం చేయలేమని తేలినవాళ్ళనే తీసుకున్నారు కాబట్టి ఆ నెలలను ఎగ్జెంటరేషన్ శాతాలతో పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. కానీ వీటి రాక వల్ల ఒకటి మారింది. ఆపరేషన్ చేస్తే అంచు శుభ్రంగా వస్తుందో రాదో అన్న సందేహం ఉన్నవాళ్ళ విషయంలో, “ఇదొక్కటే దారి” అన్న ఒత్తిడి ఇప్పుడు కొంత తగ్గింది. మధ్యలో చిన్నగా ఉన్న గడ్డకు మాత్రం ఇప్పటికీ కత్తిదే పైచేయి. ఇమ్యునోథెరపీ ధర మన మామూలు కుటుంబాలకు అందేది కాదన్నది ఇంకో నిజం.

ఆయుష్షు లెక్కల్లో కనపడని విషయం ఒకటుంది. ఆపరేషన్ ముందురోజు స్టోమా నర్సు వచ్చి పొట్ట మీద పెన్నుతో రెండు గుర్తులు పెడుతుంది. కుడివైపు మూత్రానికి, ఎడమవైపు మలానికి. మంచం మీద పడుకోబెట్టి పెట్టేసే గుర్తులు కావివి. లేచి నిలబడమంటుంది, వంగమంటుంది, బాసింపట్టు వేసుకుని కూర్చోమంటుంది. పొట్ట ఎక్కడ మడత పడుతుందో, లంగా బొందు ఎక్కడ బిగుస్తుందో, చీర కుచ్చిళ్ళు ఎక్కడ దోపుకుంటారో చూస్తుంది. గుర్తు ఆ చోట్లన్నీ తప్పించాలి, పైగా ఆ మనిషి తల వంచి చూస్తే తనకు కనపడాలి. బొందు కిందికి రంధ్రం వస్తే సంచి ఊడిపోతుంది, చర్మం ఒరుసుకుపోతుంది, బస్సెక్కాలంటేనే టెన్షన్. అరగంట పనే, కానీ సరిగా చేస్తే తర్వాత ఏళ్ళ తరబడి ఆ మనిషి పెళ్ళికో పొలానికో వెళ్ళగలుగుతుంది. మూత్రం సంచి రోజుకు చాలాసార్లు ఖాళీ చేయాలి, ఎందుకంటే పేగు ముక్క నిలవ ఉంచదు, ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. కొన్నిచోట్ల పేగుతో లోపలే తిత్తి కట్టి, గొట్టంతో తీసుకునే ఏర్పాటు చేస్తారు. అందరికీ అది కుదరదు.

యోని స్థానంలో తొడ కండరంతోనో పొట్ట కండరంతోనో కొత్తది కట్టొచ్చు. కాపురం కోసమే కాదు, కటిలో మిగిలిన ఖాళీని మంచి రక్తప్రసరణ ఉన్న కండరంతో నింపితే చీము పట్టడం, పేగులు జారి అతుక్కోవడం తగ్గుతాయి. జీవన నాణ్యతను కొలిచిన అధ్యయనాల్లో మొదటి నెలల్లో అన్నీ పడిపోయి, ఏడాది తిరిగేసరికి చాలా విషయాల్లో కోలుకున్నట్టు కనిపిస్తుంది. తన ఒంటి మీద తనకు ఉండే భావన, దాంపత్యం, ఈ రెండూ మాత్రం పూర్తిగా వెనక్కి రావు.

ఇదంతా ఆపరేషన్‌కు ముందు ఆమెకే చెప్పాలి. మన ఇళ్ళల్లో ఇది తరచూ వేరేలా నడుస్తుంది. కొడుకో భర్తో డాక్టర్‌ను వరండాలోకి తీసుకెళ్ళి, “అమ్మకు చెప్పకండి డాక్టర్ గారూ, చిన్న ఆపరేషన్ అని చెప్పండి, భయపడుతుంది” అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ చిన్న ఆపరేషన్ అని నమ్మి కళ్ళు మూసుకున్న మనిషి, రెండు సంచీలతో కళ్ళు తెరిస్తే ఆ ఇంట్లో ఎవరి మాటా ఇక నమ్మదు. సంతకం ఎవరు పెట్టినా, ఒప్పుకోవాల్సిందీ వద్దనాల్సిందీ ఆమే. వద్దనడం కూడా ఒక సరైన జవాబే.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి 1.27 లక్షల మందికి ఈ జబ్బు కొత్తగా వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. తిరగబెట్టే జబ్బులో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్ళలోనే బయటపడుతుంది. మొదటి రెండేళ్ళు మూడు నెలలకోసారి చెకప్‌కు రమ్మనేది అందుకే. శ్రీకాకుళం పల్లెనుంచి విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, ఆదిలాబాద్‌నుంచి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో రావడమంటే రెండు రోజుల కూలీ పోవడం, తోడు ఇంకొకరి కూలీ పోవడం. ఒంట్లో బాగానే ఉంది కదా అని ఒక చెకప్ మానేస్తారు, తర్వాత ఇంకోటి. కాలు వాచి, నడుము లాగుతుంటే అప్పుడు వస్తారు. మధ్యలో రెండు సెంటీమీటర్ల గడ్డగా దొరకాల్సిన జబ్బు పక్కగోడ దాకా పోయి దొరుకుతుంది. సర్జన్ ఎంత గొప్పవాడైనా ఆ పోగొట్టుకున్న నెలలను తిరిగి తేలేడు.

అసలు మధ్యలో తిరగబెట్టకుండా ఆపడం ఇంకా ముందు జరగాల్సిన పని. రేడియేషన్, లోపలి రేడియేషన్‌తో సహా, ఎనిమిది వారాల్లో పూర్తి కావాలన్నది నియమం. మధ్యలో పండగకో, పొలం పనికో, మిషన్ చెడిపోయో రోజులు జారితే గడ్డకు ఊపిరి పోసినట్టే. ఎంఆర్ఐ చూసుకుంటూ లోపలి రేడియేషన్ ఇచ్చిన అంతర్జాతీయ అధ్యయనం ఎంబ్రేస్‌లో, ఐదేళ్ళ తర్వాత కూడా 92 శాతం మందికి ఆ చోట జబ్బు అదుపులోనే ఉంది. అలాంటి వైద్యం అందే దేశాల్లో ఎగ్జెంటరేషన్ అవసరమే తగ్గుతోంది.

ఆపరేషన్ కుదరదని తేలినవాళ్ళ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే వాళ్ళే ఎక్కువ. కిడ్నీ ఉబ్బితే గొట్టం పెట్టి మూత్రం బయటికి తీయొచ్చు. మలం యోనిలోంచి కారుతుంటే గడ్డ జోలికి పోకుండా పొట్ట మీద దారి మాత్రం చేయొచ్చు, ఆ వాసన, ఆ తడి నుంచి ఆమె బయటపడుతుంది. నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి, సరైన మోతాదులో ఇస్తే రాత్రి నిద్రపడుతుంది. “ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి” అన్న మాట విని వెళ్ళిపోయినవాళ్ళలో చాలామందికి ఇవి ఉన్నాయని ఎవరూ చెప్పి ఉండరు. హైదరాబాద్ ఎంఎన్‌జేలో ఇందుకోసమే పాలియేటివ్ కేర్, అంటే నొప్పినీ బాధనూ తగ్గించే వైద్యం, విభాగం ఉంది.